24వ వచనం దగ్గర ఆపేశారు

గోదావరి జిల్లాల నుంచి ఒక చెల్లెలు నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పేరూ ఊరూ బయటపెట్టొద్దని కోరింది. ఆనవాలు పట్టే వివరాలు తీసేసి, సంగతి మాత్రం క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు 31 ఏళ్ళు. ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. పెళ్ళయి ఆరేళ్ళు, నాలుగేళ్ళ పాప ఉంది. భార్యాభర్తలిద్దరూ లూథరన్ గుడిలో పుట్టి పెరిగినవాళ్ళే, పెళ్ళీ అక్కడే జరిగింది. కొత్తలో ఆయన తాగేవాడు. మూడేళ్ళ కిందట ఒక ప్రార్థన సహవాసంలో చేరి, మళ్ళీ బాప్తిస్మం తీసుకుని, తాగుడు పూర్తిగా మానేశాడు. "ఆ రోజు మోకాళ్ళ మీద కూర్చుని సంతోషంతో ఏడ్చానమ్మా" అని రాసింది. ఆ మేలును ఆమె మరిచిపోలేదు.

కిందటేడు ఆయన కంపెనీ ఉద్యోగం మానేసి పూర్తికాలం సేవకు దిగాడు. ఇల్లు ఈమె జీతం మీద నడుస్తోంది. ఏటీఎం కార్డు ఆయన దగ్గరే ఉంటుంది. జీతం పడిన మెసేజ్ కూడా ఆయన ఫోనుకే వెళ్తుంది. వారానికి రెండు వందలు బస్సు చార్జీలకని ఈమె చేతిలో పెడతాడు. "నువ్వు నాకు సాటియైన సహాయానివి, నీకు వేరే పిలుపు లేదు, ఉద్యోగం మానేసి నాతో సేవకు రా" అంటాడు. జీతం పడే వారం మాత్రం ఆ మాట ఎత్తడు. అత్తగారి బాధ వేరు. రెండో కాన్పు ఎప్పుడని, మగపిల్లాడు లేకపోతే పెళ్ళి చేసుకున్నది ఎందుకని రోజూ సాధింపు.

అసలు గొడవ 5 సెంట్ల స్థలం దగ్గర వచ్చింది. ఈమె తండ్రి రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొని, కూతురి పేరున రిజిస్టరు చేయించిన స్థలం అది. ప్రార్థన మందిరం కట్టడానికి దాన్ని రాసిచ్చేయమని భర్త అడిగాడు. పాప కోసం ఉంచానంది. రెండు రోజుల తర్వాత సాయంత్రం సహవాసం పెద్దలు ముగ్గురు, వాళ్ళ నాయకుడు ఇంటికొచ్చారు. ముసుగు వేసుకుని నిలబడి, బైబిల్లో పౌలు రాసిన ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయం 22 నుంచి, అంటే భర్త భార్యకు శిరస్సు, భార్య అతనికి లోబడాలి అని చెప్పే చోటు నుంచి చదవమన్నారు. ఈమె చదివింది. 24 అయ్యాక "చాలమ్మా" అన్నారు. వాళ్ళకి టీ ఇచ్చి, వెళ్ళాక గ్లాసులు కడుగుతూ ఏడ్చింది.

వారం తిరక్కుండా ఒక రాత్రి ఆ స్థలం మాట మీదే ఆయన చెంప మీద కొట్టాడు. అదే మొదటిసారి. మర్నాడు కుటుంబ ప్రార్థనలో దేవుణ్ణి క్షమాపణ అడిగాడు. ఈమెను అడగలేదు. పుట్టింట్లో చెబితే తల్లి "తాగే రోజుల కంటే నయం కదే, సర్దుకో" అంది.

ఉత్తరం చివర ఆమె వేసిన ప్రశ్నలు ఇవి. దేవుడు పెళ్ళిని దేనికి పెట్టాడు? లోబడడం అంటే ఇదేనా? సంతకం పెట్టకపోతే నేను దేవుడికి ఎదురు తిరిగినదాన్నవుతానా?

తల్లీ, వందనాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి బైబిలు పక్కన తెరిచి పెట్టుకుని చదివాను. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ చెంపదెబ్బ సంగతి. దాన్ని లోబడడం, లోబడకపోవడం అనే లెక్కలో వెయ్యకు. భర్తకు భార్యను శిక్షించే అధికారం ఇచ్చిన వచనం కొత్త నిబంధనలో ఎక్కడా లేదు. నీ చేత చదివించకుండా ఆపేసిన భాగంలోనే, 29వ వచనంలో, "తన శరీరమును ద్వేషించినవాడెవడును లేడు" అని ఉంది. భార్య ఒళ్ళు తన ఒళ్ళే అని పౌలు చెబుతున్న చోటది. కొలొస్సయులకు రాసిన పత్రికలో భర్తలకు "వారిని నిష్ఠురపెట్టకుడి" అన్నాడు. మాటతో నొప్పించడమే తగదన్నప్పుడు చెయ్యి సంగతి వేరే చెప్పాలా? దేవుణ్ణి క్షమాపణ అడిగి నిన్ను అడగకపోవడం కూడా నాకు కలుక్కుమంది. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి ముందు వెళ్ళి నీ సహోదరునితో సమాధానపడమన్నాడు యేసు. నీ చెంప వంటింటి గుమ్మంలోనే ఉంది, ఆయన వెళ్ళాల్సిన దూరం నాలుగడుగులు.

ఇప్పుడు ఆ 24వ వచనం. నా జీవితంలో ఎన్నో పెళ్ళిళ్ళలో ఈ అధ్యాయం చదవగా విన్నాను. కొన్నిసార్లు నేనే చదివాను. భార్యలకు చెప్పింది 22 నుంచి 24 దాకా, మూడు వచనాలు. 25 నుంచి 33 దాకా తొమ్మిది వచనాలు, చివర్లో ఒక్క ముక్క తప్ప, భర్త భుజాల మీద పెట్టినవే. సంఘం కొరకు క్రీస్తు "తన్ను తాను అప్పగించుకొనెను" అని మొదలవుతుంది ఆ భాగం. నీ ఇంటికొచ్చిన పెద్దలు శిరస్సు అన్న మాట దాకా చదివించి, ఆ శిరస్సు ఏం చెయ్యాలో చెప్పే చోటికి వచ్చేసరికి పుస్తకం మూయించారు. క్రీస్తు సంఘం దగ్గర స్థలం రాయించుకున్నాడని పౌలు చెప్పలేదు. సంఘం కోసం తన ప్రాణం పెట్టాడన్నాడు.

వెనక్కి ఒక్క వచనం వెళ్ళినా సరిపోయేది. 21లో "క్రీస్తునందలి భయముతో ఒకనికొకడు లోబడియుండుడి" అని ఉంది. అతి పురాతనమైన కొన్ని గ్రీకు ప్రతుల్లో 22వ వచనంలో 'లోబడుడి' అనే క్రియ అసలు కనిపించదు. 21 నుంచే దాన్ని తెచ్చుకోవాలి. అంటే భార్య లోబడడం అనేది ఒకరికొకరు లోబడే ఆ పెద్ద మాటలో ఒక కొమ్మ. కొమ్మను నరికి తెచ్చి నీ ముందు పెట్టారు.

ఇంకో సంగతి చూడు. తర్వాతి అధ్యాయంలో పిల్లలకు, దాసులకు చెప్పేటప్పుడు పౌలు వాడిన మాట వేరు. మన తెలుగు అనువాదంలో కూడా ఆ తేడా నిలిచింది. పిల్లలకు, దాసులకు "విధేయులై యుండుడి" అని ఉంది, భార్యలకు "లోబడియుండుడి" అని ఉంది. విధేయత ఆజ్ఞ వచ్చాక చేసేది. లోబడడం మనిషి తనంతట తానుగా ఇచ్చేది. భార్యలతో "లోబడుడి" అన్నాడు గాని భర్తలతో "లోబరచుకొనుడి" అని పౌలు ఒక్కచోట కూడా అనలేదు. బలవంతంగా లాక్కున్న దానికి ఆ పేరు పెట్టకూడదు తల్లీ.

ఆదికాండము మూడో అధ్యాయంలో "అతడు నిన్ను ఏలును" అని లేదా అని మీ ఆయన అడగొచ్చు. ఉంది. పాపం ప్రవేశించాక ముళ్ళతుప్పలతో, ప్రసవ వేదనతో కలిపి దేవుడు చెప్పిన మాట అది. ముళ్ళు మొలుస్తాయన్నాడు కదా అని ఏ రైతూ చేలో కలుపు పెంచుకోడు. ఏలుబడి కూడా ఆ వరసలోదే.

ఇక నీ మొదటి ప్రశ్న, పెళ్ళి దేనికని. పిల్లల కోసమని మీ అత్తగారు, సేవ కోసమని మీ ఆయన అంటున్నారు. వాళ్ళవి తప్పుడు మాటలని అనను. "మీరు ఫలించి అభివృద్ధిపొంది" అన్నది దేవుడి మాటే. ఇంగ్లండు సంఘం 1662లో స్థిరపరచిన ప్రార్థన పుస్తకంలో పెళ్ళికి మూడు కారణాలు చెప్పి, పిల్లల్ని మొదట, ఒకరికొకరు తోడూ ఆదరణా కావడాన్ని మూడోదిగా పెట్టారు. కతోలిక సంఘం 1917 నాటి ధర్మశాస్త్రంలో సంతానమే ప్రధాన ఉద్దేశమని రాసుకుంది. 1983లో తిరగరాసినప్పుడు దంపతుల మేలు, సంతానం రెంటినీ పక్కపక్కనే చేర్చింది. సంఘాలు కూడా దీని మీద వందల ఏళ్ళు ఆలోచించాయి, దిద్దుకున్నాయి.

కానీ ఏదెను తోటలో పెళ్ళి గురించి మొదట వినిపించిన మాట ఏది? "నరుడు ఒంటరిగా నుండుట మంచిది కాదు." అప్పటికి పిల్లల ప్రస్తావన లేదు, మందిరం లేదు, సహవాసం లేదు. ఒక మనిషి ఒంటరితనం దేవుడికి బాగాలేదనిపించింది, అంతే. ఆ వెంటనే మీ ఆయన నీ మీద ప్రయోగిస్తున్న మాట వస్తుంది: "వానికి సాటియైన సహాయమును." ఇక్కడ ఆగు. సహాయం అన్నచోట హీబ్రూలో ఉన్న మాట ఏజెర్. దాన్ని పాత నిబంధన ఎక్కువసార్లు వాడింది ఎవరి గురించో తెలుసా? దేవుడి గురించి. "యెహోవావలననే నాకు సహాయము కలుగును" అని 121వ కీర్తనలో మనం రోజూ చదువుకునేది ఆ మాటే. సహాయం చేసేవాళ్ళు తక్కువ వాళ్ళనుకుంటే ఆ కీర్తన పాడలేం.

ఇక సాటి అన్న మాట మన అనువాదకులు ఎంత చక్కగా ఏరి పెట్టారో చూడు. "ఆయనకు సాటి ఎవరు?" అంటాం. "సాటి మనిషి" అంటాం. పనిమనిషిని సాటి అనం, పైవాణ్ణీ అనం. ఎదురుగా నిలబడి కంట్లో కన్ను పెట్టి చూడగలిగినవాళ్ళనే సాటి అంటాం. పేతురు మొదటి పత్రికలో ఇంకో మాట ఉంది, నాకు మరీ ఇష్టమైనది. జీవమను కృపావరములో మీ భార్యలు మీతో "పాలివారై యున్నారని యెరిగి" అని. పాలివాళ్ళంటే ఏమిటో పల్లెల్లో ఎవర్నడిగినా చెబుతారు. ఒకే ఆస్తిలో వాటా ఉన్నవాళ్ళు. గట్టు తగాదా వచ్చినా వాటా లేదనడానికి లేనివాళ్ళు. ఆ వచనంలోనే, భార్యను సన్మానించకపోతే "మీ ప్రార్థనలకు అభ్యంతరము" కలుగుతుందని భర్తలను హెచ్చరించాడు పేతురు. ఉపవాస ప్రార్థనల్లో ఉండే మనిషి ఈ ఒక్క వాక్యం దగ్గర కూర్చుంటే చాలు.

"కాబట్టి పురుషుడు తన తండ్రిని తన తల్లిని విడిచి తన భార్యను హత్తుకొనును." మన ఇళ్ళలో విడిచి వచ్చేది పిల్ల. వచనంలో విడిచి రావాల్సింది అబ్బాయి. మగపిల్లాడు కావాలన్న అత్తగారి సాధింపుకు ఎవరు జవాబివ్వాలో అక్కడే ఉంది. అది నీ మీద పడే భారం కాదు, తల్లికి చెప్పుకోవాల్సినవాడు ఆయన.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. శిరస్సు అంటే కుటుంబంలో నాయకత్వమేననీ, చివరి మాట భర్తదేననీ నమ్మే విశ్వాసులు చాలామంది ఉన్నారు. వాళ్ళలో భార్యను కళ్ళలో పెట్టుకుని చూసుకున్నవాళ్ళు నాకు తెలుసు. నా నమ్మకం వేరు, అయినా వాళ్ళని నేను తప్పుపట్టను. కానీ ఆ నమ్మకంతో కొలిచినా మీ ఇంట్లో జరుగుతున్నది నిలవదు. ఇంటివాళ్ళను సంరక్షించనివాడు "అవిశ్వాసికన్న చెడ్డవాడు" అని తిమోతి మొదటి పత్రిక చెబుతోంది. నీ జీతం మీద ఇల్లు నడుపుతూ నీకు వారానికి రెండు వందలు లెక్కపెట్టివ్వడం ఏ రకం సంరక్షణో నాకు అర్థం కాలేదు.

నువ్వు లూథరన్ బిడ్డవి కాబట్టి నీ సంఘం మూలపురుషుడి ఇంట్లోకి ఒకసారి తొంగిచూద్దాం. మార్టిన్ లూథర్ 1525లో కాథరీన ఫొన్ బోరాను పెళ్ళాడాడు. విట్టెన్‌బర్గ్‌లో వాళ్ళున్నది పాత మఠం. ఆ పెద్దింట్లో బస చేసే విద్యార్థుల భోజనాలు, తోట, పశువులు, పొలం, డబ్బు లెక్కలు అన్నీ ఆమె చేతి మీదే నడిచాయి. ఆయన ముద్దుగా ఆమెను "నా ప్రభువు కేటీ" అని పిలిచేవాడు. తండ్రి బిడ్డ గుడ్డలు ఉతుకుతుంటే ఎవరైనా నవ్వితే నవ్వనీ, దేవుడూ దూతలూ ఆనందంగా చిరునవ్వు నవ్వుతారని 1522లోనే రాశాడు. 1542లో వీలునామా రాసినప్పుడు, అప్పటి చట్టం విధవను ఒక మగ సంరక్షకుడి కింద ఉంచాలంటున్నా, ఆయన ఆస్తి ఆమెకే రాశాడు. పిల్లల సంగతి తల్లి కన్నా ఎవరు బాగా చూస్తారన్నది ఆయన నమ్మకం. లూథర్ స్త్రీల గురించి ఇప్పటివాళ్ళు ఒప్పుకోని మాటలు కూడా అన్నాడు, దాచడం లేదు. అయినా తన ఇంటి దగ్గరికి వచ్చేసరికి తాళాలు ఆమె చేతికే ఇచ్చాడు.

మా ఇంటి సంగతి కూడా ఒకటి చెప్పనా. నేనూ మా ఆయనా ఇద్దరం బడిపంతుళ్ళం. ఒకటో తారీఖున రెండు జీతాలూ మంచం మీద పోసి, ముందు కానుక తీసి పక్కన పెట్టి, తర్వాత అద్దె, పాలు, బియ్యం అని చిన్న చిన్న కుప్పలు చేసుకునేవాళ్ళం. మా గుడికి కొత్త కప్పు వేస్తున్న ఏడు, పెద్దల కూటంలో అందరి ముందూ లేచి "మా ఇంటావిడ గాజులు రెండు ఇస్తాం" అనేశారు. నన్నడగలేదు. ఇంటికొచ్చాక నేను ఇవ్వనన్నాను. మూడు రోజులు ఇద్దరి మధ్యా మాటల్లేవు. నాలుగో రోజు పొద్దున నేను ముగ్గు వేస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నారు. "నీ చెయ్యి ఖాళీ చేసి నేను దాతననిపించుకోబోయానే" అన్నారు. ఆ ఆదివారమే లేచి ఆ మాట వెనక్కి తీసుకుని, తన జీతంలోంచి ఆరు నెలలు ఇస్తానన్నారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. గుళ్ళో ఆయన చెప్పిన ప్రసంగాలు నాకు అంతగా గుర్తులేవు. ఆ పొద్దుటి మాట మాత్రం గుర్తుంది.

మీ స్థలం దగ్గరికి వద్దాం. ఇచ్చేవాడు "సణుగుకొనకయు బలవంతముగా కాకయు" ఇవ్వాలని కొరింథీయులకు పౌలు రాశాడు. నలుగురు పెద్దల మధ్య నిలబెట్టి రాయించుకుంటే అది కానుక కాదు. తల్లిదండ్రులకు చెందాల్సిన దాన్ని "కొర్బాను, అనగా దేవార్పితము" అని పక్కకి తప్పించినవాళ్ళను యేసు ఎంత గట్టిగా మందలించాడో మార్కు సువార్త ఏడో అధ్యాయంలో చూడు. బిడ్డ అన్నాన్ని దేవుడి పేరున తీసుకెళ్ళడాన్ని ఆయన ఎన్నడూ మెచ్చుకోలేదు. సెలోపెహాదు కూతుళ్ళు ఐదుగురు తండ్రి భూమి కోసం మోషే ముందు నిలబడ్డప్పుడు, వాళ్ళు చెప్పింది యుక్తమేనని దేవుడే అన్నాడు. ఇక భర్త మాట విన్నాను కాబట్టి నా బాధ్యత లేదనుకుంటావేమో. భర్తతో కలిసి పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకున్న సప్పీరా కథలో, పేతురు ఆమెను భర్తతో కలపకుండా విడిగా అడిగాడు. దేవుడి ముందు భార్య సంతకం భార్యదే. కాబట్టి సంతకం పెట్టకపోవడం ఎదురు తిరగడం కాదని నా మనస్సాక్షి సాక్షిగా చెబుతున్నాను.

చట్టం మాట కూడా వినిపెట్టుకో. స్థలం నీ పేరున ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం స్థిరాస్తి దానం చెల్లాలంటే దాత సంతకంతో, ఇద్దరు సాక్షులతో, రిజిస్టరయిన దస్తావేజు కావాలి. నువ్వు సంతకం పెట్టనిదే అది ఇంకెవరిదీ కాదు. ఖాళీ కాగితాల మీద, "ఊరికే ఒక అంగీకార పత్రం" అంటూ తెచ్చిన వాటి మీద కూడా సంతకం పెట్టకు.

ఇప్పుడేం చెయ్యాలి అంటావు. నీ కాపురం నువ్వు చెయ్యాల్సినది, ఆజ్ఞ వేసే అధికారం నాకు లేదు. నాకు కనిపించే దారులు చెబుతాను, ఒక్కోదాని వెనక ఏమొస్తుందో కూడా చెబుతాను.

మొదటిది, ఆయనతోనే కూర్చోవడం. పాప నిద్రపోయాకో, నీకు డ్యూటీ లేని పగలో. బైబిలు తీసి "ఆ రోజు 24 దగ్గర ఆగాం, మిగతాది కలిసి చదువుదాం" అను. వాదించకు, చదువు. తర్వాత అడగాల్సినవి సూటిగా అడుగు. కొట్టినందుకు నన్ను క్షమాపణ అడగాలి, ఇంకెప్పుడూ చెయ్యెత్తకూడదు. కార్డు నా దగ్గరుంటుంది, ఖర్చులు ఇద్దరం కలిసి రాసుకుందాం. స్థలం పాపది. ఈ దారి ఫలించొచ్చు. తాగుడు మానగలిగిన మనిషి ఇంకా మారగలడు, ఆ గుణం ఆయనలో ఉంది. ఫలించకపోతే నిన్ను తిరుగుబాటుదారు అంటాడు, మళ్ళీ పెద్దలను పిలుస్తాడు. ఆయన కోపం చూసి భయం వేస్తుంటే మాత్రం ఒంటరిగా ఈ మాట ఎత్తొద్దు.

పెద్దలు మళ్ళీ వస్తే? మత్తయి 18లో యేసు చెప్పిన వరస ఒకటుంది. తప్పు ఉందనుకుంటే ముందు ఒంటరిగా మాట్లాడు, వినకపోతే ఒకరిద్దర్ని తీసుకెళ్ళు, ఆ తర్వాతే సంఘానికి చెప్పు. నీ విషయంలో మొదటి మెట్టు ఎగ్గొట్టి నలుగురు ఒకేసారి వచ్చారు. మీరొస్తే మా నాన్నగారూ, మా పెళ్ళి చేసిన అయ్యగారూ అమ్మగారూ కూడా ఉండాలని మర్యాదగా చెప్పొచ్చు. అదే రెండో దారి, ఇద్దరి వైపూ నమ్మకమున్న మధ్యవర్తులు. మీ పాత గుడివాళ్ళను ఆయన నామకార్థ క్రైస్తవులని కొట్టిపారేయొచ్చు. అందుకని ఆయన సహవాసంలోనే, బాగా కాపురం చేసిన పెద్ద వయసు దంపతులు ఎవరైనా ఉన్నారేమో వెతుకు. ప్రమాదం ఏమిటంటే మధ్యవర్తులు కూడా "నువ్వే సర్దుకో" అనొచ్చు. అలా అంటే ఆ కూర్చోబెట్టడం అక్కడితో ముగిసిందనుకో. సర్దుకోవడం ఇద్దరిదీ కానప్పుడు అది రాజీ కాదు.

స్త్రీ సంఘంలో మౌనంగా ఉండాలి కాబట్టి నువ్వు మాట్లాడకూడదని ఎవరైనా అంటే, మన నంద్యాలలోనే 2013లో ఈ. పుష్పలలిత గారు దక్షిణ ఇండియా సంఘానికి బిషప్పు అయ్యారని చెప్పు. శారా విషయంలో "ఆమె మాట వినుము" అని అబ్రాహాముకు దేవుడే చెప్పాడని కూడా చెప్పు.

డబ్బు సంగతి నువ్వు ఒక్కదానివే చెయ్యగలిగిన పని. ఖాతా నీది. బ్యాంకుకు వెళ్ళి మెసేజ్ నీ నంబరుకు వచ్చేట్టు మార్పించుకోవచ్చు, పాత కార్డు ఆపించి కొత్తది తీసుకోవచ్చు. ఒక పూట పని. కానీ ఆ సాయంత్రం ఇంట్లో ఏమవుతుందో బ్యాంకువాళ్ళు చెప్పరు. అందుకే ముందే చెప్పి చెయ్యడమా, చేసి చెప్పడమా అన్నది ఆయన కోపం ఎరిగిన నువ్వే తేల్చుకోవాలి. చేస్తే మాత్రం ఇంటి ఖర్చు ఒక్క రూపాయి తగ్గనివ్వకు. సేవకు నెలకింత అని నీ మనసారా ఇవ్వగలిగింది ఇవ్వు. నీది పగ కాదని ఆయనకు లెక్కల్లో కనపడాలి. ఉద్యోగం మాత్రం మానొద్దని గట్టిగా చెబుతాను. అకుల ప్రిస్కిల్ల దంపతులు ఇద్దరూ డేరాలు కుట్టారు, ఇద్దరూ అపొల్లోకు వాక్యం విడమరచి చెప్పారు. రాత్రి రెండింటికి వార్డులో రోగికి సెలైన్ మార్చే చెయ్యి సేవ చెయ్యడం లేదని ఎవరనగలరు?

కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండడం ఇంకో దారి. భార్య భర్తను ఎడబాయకూడదన్న పౌలే, ఎడబాస్తే సమాధానపడేదాకా ఎలా ఉండాలో కూడా రాశాడు. అంటే అలాంటి రోజులొస్తాయని ఆయనకు తెలుసు. ఊరు నాలుగు మాటలంటుంది, పాప బడి చెడుతుంది, మీ అమ్మ కంగారు పడుతుంది. దూరం వల్ల ఆయనకు కనువిప్పు కలగొచ్చు, మొండితనం పెరగనూవచ్చు. మీ అమ్మగారికి ఒక మాట చెప్పు తల్లీ. దేవుడు ఆయన చేత తాగుడు మాన్పించింది నీ నోరు మూయించడానికి కాదని చెప్పు.

చివరిది చట్టం. 2005 గృహహింస చట్టం దెబ్బల్నే కాదు, భార్య జీతాన్ని, ఆస్తిని గుప్పిట్లో పెట్టుకోవడాన్ని కూడా ఆర్థిక హింస అంటుంది. విడాకులు కోరకుండానే రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. 181కి ఫోను చేస్తే దగ్గర్లోని సఖి కేంద్రానికి కలుపుతారు, అడిగి తెలుసుకోవడానికి కేసు పెట్టక్కర్లేదు. ఆ దారి తొక్కితే మళ్ళీ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం కష్టమవుతుంది, ఆ సంగతి తెలిసే తొక్కాలి. కానీ ఆయన మళ్ళీ చెయ్యెత్తితే ఈ దారుల మధ్య తూకం వేసుకుంటూ కూర్చోకు. పాపను తీసుకుని ఆ పూటే బయటికి రా, 112కి ఫోను చెయ్యి. విడాకుల మాట నీ నోట రాదని రాశావు, అది నీ విశ్వాసం, గౌరవిస్తాను. ప్రాణం కాపాడుకోవడం ఆ విశ్వాసానికి అడ్డు రాదు.

రేపు పొద్దున చెయ్యగలిగిన చిన్న పనులు రెండే. చెంపదెబ్బ తగిలిన తారీఖు, ఏ మాట మీద జరిగిందో ఒక కాగితం మీద రాసి, ఆసుపత్రిలో నీకు నమ్మకమైన సిస్టర్ ఎవరికైనా ఇచ్చి ఉంచు. స్థలం దస్తావేజు మీ నాన్నగారి బీరువాలో ఉందని రాశావు కదా, దాన్ని అక్కడే ఉండనివ్వు.